‘చైను’ షార్ట్ ఫిల్మ్ డైరీ: 13 నిమిషాల సినిమా, 6 నెలల పని

నేను తెనాలిలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. పదేళ్ళుగా అదే పని. ఇద్దరు ఇంటర్ కుర్రాళ్ళ స్నేహం మీద, అందులో ఒకడి మనసు బాగోకపోవడం మీద 2025 జూన్ నుంచి నవంబరు దాకా ఒక షార్ట్ ఫిల్మ్ తీశాను. మా పిన్ని కొడుకు ఇంటర్ రెండో ఏడు మధ్యలో హాస్టల్ వదిలేసి ఇంటికొచ్చినప్పుడు నేను వాణ్ణి అడిగిన మొదటి మాట, “వీక్లీ టెస్టుల్లో ఎంతొస్తున్నాయిరా?” అని. వాడిప్పుడు బాగున్నాడు, డిగ్రీ చదువుతున్నాడు. ఆ రోజు వాణ్ణి ఏమడిగి ఉండాల్సిందో కనుక్కోవడానికే ఈ సినిమా.

ఇలాంటిది తీయాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని ఏ రోజుకారోజు నోటుబుక్కులో రాసుకున్నవి ఇక్కడ పెడుతున్నాను. ఎక్కువ భాగం చెడిపోయిన పనే. లెక్కలు ఏ దశకాదశ చివర ఉన్నాయి. ‘మొత్తం’, ‘పనికొచ్చిన సినిమా’ అంటే మొదట్నుంచి అప్పటిదాకా కలిపి.

దశ 1: స్క్రిప్టు (జూన్)

కథ చిన్నది. సాయి, కిట్టు ఎనిమిదో తరగతి నుంచీ జంట. పది అయ్యాక సాయి విజయవాడలో రెసిడెన్షియల్ కాలేజీలో చేరతాడు, కిట్టు ఊళ్ళోనే ఉండిపోతాడు. సెలవులకి వచ్చిన సాయి ఎవరితోనూ మాట్లాడడు. కిట్టు ఏం చేశాడన్నదే సినిమా.

మొదటి డ్రాఫ్టులో సాయి చనిపోతాడు. రాసినప్పుడు నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి కాబట్టి మంచి డ్రాఫ్టనుకున్నాను. గుంటూరులో ప్రాక్టీసు చేసే సైకాలజిస్టు ఒకావిడకి పంపాను. ఆమె చదివి ఒక్కటే అడిగారు: “ఇప్పుడు ఇలాగే ఉన్న పిల్లాడు మీ సినిమా చూస్తే, వాడికి దొరికే దారేంటి?” నా దగ్గర జవాబు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సినిమావాళ్ళ కోసమే ఒక చిన్న పుస్తకం తెచ్చింది. ఆత్మహత్యను తెరమీద ఎలా చూపాలి, ఏం చూపకూడదు అని. అది నాకు పంపింది ఆవిడే. ఆ పుస్తకం పక్కన పెట్టుకుని డ్రాఫ్టు తిరగరాశాను.

మార్చినవి:

1. సాయి చనిపోడు. ఆ ప్రయత్నమూ తెరమీద లేదు, మాటల్లోనూ లేదు.
2. ఒక లొకేషన్, ఒక వస్తువు తీసేశాం. ప్రేక్షకుడు ‘ఇప్పుడేం జరుగుతుందో’ అని బిగుసుకుపోవాలని పెట్టినవి అవి. ఏవేమిటో ఇక్కడ కూడా రాయను.
3. ‘ఒక్క పరీక్ష తప్పడం వల్ల’ అనే లైను పోయింది. ఒక్క కారణం చూపిస్తే అబద్ధమవుతుంది. నిద్ర లేకపోవడం, ఇంటి మీద బెంగ, సెక్షన్ మార్చడం, తనలో తను కుమిలిపోవడం, ఇవన్నీ చిన్న చిన్న ముక్కలుగా వేరువేరు సీన్లలోకి వెళ్ళాయి.
4. హాస్పిటల్లో కానిస్టేబుల్ “కేసవుద్ది” అని బెదిరించే సీను పూర్తిగా తీసేశాం. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో 115వ సెక్షను, ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించకూడదనీ చెబుతోంది. భయపెట్టే అబద్ధాన్ని నేను పిల్లలకి చూపించబోయాను.
5. ‘పిచ్చి’, ‘మెంటలోడు’ అన్న మాటలు 17 చోట్ల ఉన్నాయి. పిల్లలు అలా మాట్లాడుకునే మాట నిజమే. రెండు ఉంచాను. రెండోసారి అన్నప్పుడు సాయి ముఖం కనిపిస్తుంది.

నాలుగు డ్రాఫ్టులు పట్టాయి. ఆవిడ ఫీజు తీసుకోలేదు.

ఖర్చు: ప్రింట్లు 420, గుంటూరు బస్సులు 280. మొత్తం: ₹700. పనికొచ్చిన సినిమా: 0 నిమిషాలు.

దశ 2: పిల్లలు, పెద్దల ఒప్పుకోలు (జూన్ చివర, ఆషాఢం)

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, నాకు ఖాళీ. పిల్లలకి మాత్రం ఆదివారాలే ఖాళీ. ఇద్దరు కుర్రాళ్ళు, ఇద్దరికీ 16 ఏళ్ళు.

ఇక్కడ మూడు వారాలు పోయాయి. నేను తల్లిదండ్రులకి కథ నోటితో చెప్పి సరేననిపించుకున్నాను. రెండో ఆదివారం ఒక నాన్నగారు స్క్రిప్టు చూసి తమ అబ్బాయిని మానిపించేశారు. “మా వాడికే ఏదో ఉందని వీధిలో అనుకుంటారండీ” అన్నారు. ఆయన భయం అబద్ధం కాదు. నిజంగానే అనుకుంటారు. కానీ మొదటిరోజే స్క్రిప్టు చేతికిచ్చి ఉంటే ఆ అబ్బాయి రెండు వారాలు నేర్చుకున్న పాత్ర మధ్యలో వదిలేయాల్సిన బాధ ఉండేది కాదు.

ఆ తర్వాత పెట్టుకున్న పద్ధతి ఇది, యథాతథంగా వాడుకోవచ్చు:

1. పూర్తి స్క్రిప్టు అమ్మానాన్నలిద్దరికీ. చదవడం కష్టమైతే కూర్చుని చదివి వినిపించడం.
2. రెండు రోజులు ఆగి జవాబు. వెంటనే ఒప్పుకున్నా రెండు రోజులు ఆగడం.
3. పిల్లాణ్ణి విడిగా అడగడం. ఏ లైను వద్దన్నా కారణం అడక్కుండా తీసేయడం.
4. రోజుకి 5 గంటలు మించకూడదు, 3 గంటలకి మించి ఏకబిగిన పని లేదు. బాలనటుల గురించి చట్టంలో ఉన్న నియమం ఇది. అది 14 ఏళ్ళలోపు వాళ్ళకి, మావాళ్ళు పెద్దవాళ్ళు. అయినా అదే పాటించాం.
5. బరువైన సీను అవగానే 20 నిమిషాలు వేషం మాట ఎత్తకూడదు. మావాళ్ళు సందులో క్రికెట్ ఆడారు.

ఇంకొకటి. ఏడుపు రావడానికి ‘నీ జీవితంలో బాధపడ్డ రోజు గుర్తు తెచ్చుకో’ అని మొదటి వర్క్‌షాపులో చెప్పాను. సైకాలజిస్టు మేడం ఆపించారు. 16 ఏళ్ళవాడు లోపల్నుంచి ఏం పైకి తెచ్చుకుంటాడో నాకు తెలియదు, వచ్చాక దాన్ని సర్దడం నాకు చేతకాదు. అప్పట్నుంచి చేతులతో ఏం చేయాలో, ఎటు చూడాలో మాత్రమే చెప్పాను.

ఖర్చు: టిఫిన్లు, బస్సులు 2,150. మొత్తం: ₹2,850. పనికొచ్చిన సినిమా: 0 నిమిషాలు.

దశ 3: మేడ మీద సీను, రెండు రోజులు (జులై)

ముఖ్యమైన సీను ఇదే. కిట్టు అడగాలి, సాయి చెప్పాలి. మేడ మీద, రాత్రి, ఎదురెదురుగా కూర్చుని. రెండు ఆదివారాలు, 14 టేకులు. ఒక్కటీ పనికి రాలేదు.

చెడింది మూడు రకాలుగా.

వెలుగు: పెళ్ళిళ్ళలో స్లో మోషన్ అలవాటు. సెకనుకి 50 ఫ్రేములు, షట్టర్ 1/125. మేడ మీద ఎల్ఈడీ ట్యూబులైటు. మానిటరు చిన్నది, అక్కడ ఏమీ తెలియలేదు. ఇంటికొచ్చి చూస్తే ముఖాల మీద చారలు పైకి పాకుతున్నాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ట్యూబులైటు కింద షట్టర్ 1/50 గానీ 1/100 గానీ ఉండాలి. తర్వాత అంతా 25 ఫ్రేములు, 1/50. స్లో మోషన్ ఎక్కడా లేదు.

శబ్దం: రెండో కెమెరాగా ఫోను పెట్టాను. ఫోను దాని ఇష్టం వచ్చినట్టు ఫ్రేములు పెంచుకుంటూ తగ్గించుకుంటూ పోతుంది. 6 నిమిషాల టేకులో క్లాప్ దగ్గర సింక్ కరెక్టుగా ఉంది, చివరికొచ్చేసరికి పెదాలకీ మాటకీ 11 ఫ్రేముల తేడా. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటుకి మార్చుకుంటే ఆ ఫుటేజీ కొంత దక్కింది. తర్వాత నుంచి బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్‌లో 25కి లాక్ చేశాను.

మూడోది పరికరాలతో బాగుపడేది కాదు. పిల్లలిద్దరూ ఎదురెదురుగా కూర్చుంటే నాటకం వచ్చేస్తోంది. కిట్టు గొంతు బొంగురు చేస్తాడు, సాయి తలదించుకుంటాడు. ప్రతి టేకులోనూ అంతే. డైలాగు కూడా తప్పే. అప్పటికి అది ఇలా ఉంది:

“పిచ్చి ఆలోచనలేమీ రావట్లేదు కదరా?”
“లేదురా.”

పదో టేకు తర్వాత సాయి వేషం వేసిన అబ్బాయి నన్ను అడిగాడు: “అన్నా, వాడు అట్లా అడిగితే నేను లేదనే అంటాగా. ఇంకేం అంటా?” మేడంకి ఫోన్ చేసి చెప్పాను. ఆ అబ్బాయి చెప్పింది కరెక్టే అన్నారు. ‘కదరా’ అన్న మాటలోనే ‘లేదని చెప్పు, నాకు భయమేస్తోంది’ అనే బతిమాలింపు ఉంది. నేను పిన్ని కొడుకుతో మాట్లాడిన మాటలన్నీ గుర్తొచ్చాయి. “బానే ఉన్నావు కదా?” “ఏం లేదు కదా?” అన్నీ ‘కదా’లే.

ఖర్చు: భోజనాలు 3,100, ఆటోలు 900, లైట్ల అద్దె 1,800, ఇంటివాళ్ళకి కరెంటు కింద 500. మొత్తం: ₹9,150. పనికొచ్చిన సినిమా: 2 నిమిషాల 10 సెకన్లు (సాయి బస్సు దిగే సీను, కిట్టు ఇంటి ముందు సీను).

దశ 4: సైకిలు (భాద్రపదం)

శ్రావణమంతా పెళ్ళిళ్ళు. ఆ నెలలో చేసిన పనల్లా పాత ఫుటేజీ చూడటమే. రెండో రోజు భోజనాల దగ్గర కెమెరా ఆపడం మరిచిపోయాను. అందులో పిల్లలిద్దరూ ఊడిన సైకిలు చైను ఎక్కించుకుంటున్నారు. ఒకడి ముఖం ఒకడు చూడట్లేదు. చేతులు నల్లగా గ్రీజు. ఒకడు ఇంట్లో అప్పు గురించి చెబుతున్నాడు, రెండోవాడు పెడల్ తిప్పుతూ వింటున్నాడు. నాలుగు నిమిషాలు. మేడ మీద రెండు రోజులు నేను రప్పించలేకపోయిన మాటతీరు అంతా అక్కడ ఉంది. (ఆ క్లిప్ వాళ్ళిద్దరికీ చూపించి, వాళ్ళెదుటే డిలీట్ చేశాను.)

సీను మొత్తం సైకిలు దగ్గరికి మార్చాం. రాత్రి కాదు, సాయంత్రం నాలుగున్నర. లైట్ల అద్దె మిగిలింది. ముఖాల మీదికి వెలుగు తిప్పడానికి ఒక థర్మోకోల్ షీటు చాలింది.

కొత్త సమస్య శబ్దం. సైకిలు తలకిందులుగా నిలబెట్టి చక్రం తిప్పితే ఫ్రీవీల్ టిక్‌టిక్‌మంటుంది. కాలర్ మైకుకి అది మాట కంటే పెద్దగా వినిపిస్తోంది. పైగా వంగి పనిచేస్తుంటే గడ్డం మైకు మీదికొస్తుంది. చేసిన పని:

1. ఫ్రీవీల్ నిండా గ్రీజు కూరాం. టిక్‌టిక్ సగానికి పైగా అణిగింది.
2. మాట ఉన్న చోట పెడల్ ముందుకే తిప్పాలి, వెనక్కి తిప్పకూడదు. చక్రాన్ని వదిలేయకూడదు.
3. మైకు కాలరు దగ్గర్నుంచి తీసి చొక్కా రెండో గుండీ కింద మైక్రోపోర్ టేపుతో అంటించాం.
4. గట్టిగా మాట్లాడే మాటలు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా లెవెల్. గొణిగే మాటల కోసం రెండో రికార్డరు సైకిలు సీటు కింద, లెవెల్ పెంచి.
5. చైను, పెడల్, చక్రం శబ్దాలు తర్వాత విడిగా 6 నిమిషాలు రికార్డు చేశాం. ఖాళీ పెరడు నిశ్శబ్దం ఒక నిమిషం.

డైలాగు తొమ్మిదోసారి మార్చాం. నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని నాకు లోపల భయం. అలా కాదని, నేరుగా అడగడం వల్ల ప్రమాదం పెరగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా స్పష్టంగా చెబుతోందని మేడం వివరించారు. చివరికి తెరమీద ఉన్నది ఇది:

“రేయ్.”
“ఊఁ.”
“చచ్చిపోవాలనిపిస్తోందా?”
(11 సెకన్లు. చైను ఒక పన్ను ఎక్కి మళ్ళీ జారుతుంది.)
“అప్పుడప్పుడు.”
“ఇప్పుడు?”
“ఇప్పుడు కాదు.”

ఆ తర్వాత కిట్టు “నాతో చెప్పినందుకు థాంక్స్‌రా” అనాలి. కిట్టు వేషం వేసిన అబ్బాయి ఒప్పుకోలేదు. “ఎవడూ అట్లా అనడన్నా” అన్నాడు. ఏమంటావో నువ్వే చెప్పమన్నాను. ఏడో టేకులో వాడు, “సరే. నేనెక్కడికీ పోవట్లా” అని, గ్రీజు చేత్తోనే సాయి మెడ వెనక రుద్దాడు. నల్లటి వేలిముద్రలు మెడమీద పడ్డాయి. సాయి నవ్వాడు, స్క్రిప్టులో లేని నవ్వు. అదే టేకులో చైను నిజంగానే ఎక్కింది. కట్ చెప్పడానికి నాకు గొంతు రాలేదు, పిల్లలే కెమెరా వైపు చూశారు.

గమనిక: ఆ వేలిముద్రలు తర్వాతి మూడు సీన్లలో ఉండాలి. ఫోనుతో దగ్గరగా ఫొటో తీసి పెట్టుకున్నాం. తీయకపోతే కంటిన్యుటీ పోయేది.

ఖర్చు: పాత సైకిలు రిపేరు 650, గ్రీజు, టేపు 240, భోజనాలు 1,700, రికార్డరు అద్దె 600. మొత్తం: ₹12,340. పనికొచ్చిన సినిమా: 6 నిమిషాల 30 సెకన్లు.

దశ 5: హాస్టలు గది, ఇల్లు (సెప్టెంబరు)

హాస్టళ్ళలో షూటింగుకి అడిగినచోటల్లా కుదరదన్నారు. ఫంక్షన్ హాల్లో పెళ్ళికూతురి గది అద్దెకి తీసుకుని హాస్టలు గది చేశాం. పెళ్ళిళ్ళు లేని నెల కాబట్టి తక్కువకి ఇచ్చారు. నాలుగు ఇనుప మంచాలు, ట్రంకు పెట్టెలు, తాడు మీద తువ్వాళ్ళు. గోడల గులాబీ రంగు కనబడకుండా టైంటేబుల్ కాగితాలు అంటించాం.

నోటీసు బోర్డు విషయం ఆలోచించాల్సి వచ్చింది. విశాఖపట్నంలో చదువుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హత ఉన్న కౌన్సిలరు ఉండాలి, హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్ళలో పెద్ద అక్షరాలతో కనబడాలి. మా బోర్డు మీద మొదట ర్యాంకుల జాబితా మాత్రమే ఉంది. పక్కనే 14416 అని పెద్దగా రాసిన కాగితం పెట్టించాను. మానసిక సాయం కోసం ఫోన్ చేసే టెలిమానస్ హెల్ప్‌లైన్ నంబరు అది. సాయి దాని ముందు నుంచి రెండుసార్లు నడిచి వెళ్తాడు, చూడడు. మూడోసారి చూస్తాడు.

అమ్మ పాత్రకి మా వీధి టైలరమ్మగారు. మొదటి టేకులో గుండెలు బాదుకున్నారు. “పక్కింటి పిల్లాడు చెబితే మీరేం చేస్తారమ్మా?” అని అడిగాను. కాసేపు ఆలోచించి, “ముందు పొయ్యి ఆపుతాను బాబూ” అన్నారు. అదే తీశాం. పొయ్యి ఆపి, చేతులు తుడుచుకుని, కొడుకు పక్కన కింద కూర్చుంటుంది. మాట లేదు.

ఖర్చు: గది 2,500, మంచాలు 1,400, రవాణా 1,200, భోజనాలు 2,300, కాగితాలు 180. మొత్తం: ₹19,920. పనికొచ్చిన సినిమా: 14 నిమిషాల 45 సెకన్లు.

దశ 6: ఎడిటింగు (అక్టోబరు)

డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షను సరిపోయింది. హార్డ్ డిస్కు కొనాల్సి వచ్చింది.

రఫ్ కట్‌లో సైకిలు సీను కింద వయొలిన్ పెట్టాను. పెళ్ళిలో అప్పగింతలకి పెట్టే అలవాటు. 11 సెకన్ల మౌనంలో వయొలిన్ ఉంటే ప్రేక్షకుడికి ముందే తెలిసిపోతోంది, సాయి చెప్పేస్తాడని. తీసేసి చైను శబ్దం ఒక్కటే ఉంచాను. ఆ మౌనాన్ని 6 సెకన్లకి కుదించి కూడా చూశాను, అప్పుడు “అప్పుడప్పుడు” అన్న మాట వల్లెవేసిన జవాబులా వినిపించింది. 11కే వెనక్కి వెళ్ళాను. మిగతా చోట్ల 2 నిమిషాల 25 సెకన్లు కోశాను. సౌండు మైనస్ 14 లఫ్స్‌కి (సౌండు ఎంత పెద్దగా వినిపిస్తుందో చెప్పే కొలత) తెచ్చాను.

ఖర్చు: 3,900. మొత్తం: ₹23,820. సినిమా నిడివి: 12 నిమిషాల 20 సెకన్లు.

దశ 7: చూపించడం, మళ్ళీ తీయడం (నవంబరు)

ఒక ట్యూషన్ సెంటర్లో 22 మంది పిల్లలకి, 9 మంది తల్లిదండ్రులకి చూపించాను. పేర్లు లేకుండా కాగితం మీద ఒక్క ప్రశ్న: కిట్టు చేసింది ఏమిటి?

పెద్దవాళ్ళలో ఎక్కువమంది ‘కాపాడాడు’ అని రాశారు. 22 మంది పిల్లల్లో 13 మంది ‘చాడీ చెప్పాడు’, ‘నమ్మి చెబితే మోసం చేశాడు’ అని రాశారు. ఎందుకంటే సినిమాలో కిట్టు, సాయి నిద్రపోతున్నప్పుడు వెళ్ళి వాళ్ళమ్మకి చెబుతాడు. నేను దాన్ని బాధ్యత అనుకున్నాను. వాళ్ళకది వెన్నుపోటు. అలాంటి సినిమా చూసిన పిల్లాడు ఇంకెప్పుడూ స్నేహితుడికి కూడా చెప్పడు. అంటే నేను తీసింది ఉపయోగం లేకపోగా హాని చేసేది. ఆ రాత్రి చాలా టెన్షన్ పడ్డాను.

సగం రోజు మళ్ళీ తీశాం. 45 సెకన్ల సీను:

“మీ అమ్మకి చెప్తా.”
“వద్దురా.”
“చెప్తా. నువ్వూ రా. నువ్వు మాట్లాడక్కర్లా, నేను చెప్తా. పక్కనుండు చాలు.”

ఇద్దరూ కలిసి వంటింట్లోకి వెళ్తారు. మెడమీద వేలిముద్రలు ఫొటో చూసి గ్రీజుతో మళ్ళీ వేశాం.

రెండోసారి వేరే 18 మంది పిల్లలకి చూపిస్తే ‘చాడీ’ అని రాసినవాళ్ళు 3. ఆ ముగ్గురి కాగితాలూ దాచుకున్నాను. ఒకదాని మీద, ‘మా అమ్మ అలా పొయ్యి ఆపదు’ అని ఉంది.

చివర్లో టెలిమానస్ నంబరు కార్డు 5 సెకన్లు చేర్చాను. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ అది.

ఖర్చు: స్నాక్స్ 1,150, రీషూట్ 1,240. మొత్తం: ₹26,210. నిడివి: 13 నిమిషాల 10 సెకన్లు.

చివరి ఎంట్రీ, రెండోసారి చూపించిన సాయంత్రం

అందరూ వెళ్ళాక ఒక అబ్బాయి ఉండిపోయాడు. ప్రొజెక్టరు సర్దుతుంటే దగ్గరికొచ్చి, “అన్నా, ఆ నంబరుకి రాత్రిపూట చేసినా ఎత్తుతారా? తెలుగులో మాట్లాడొచ్చా?” అని అడిగాడు. 24 గంటలూ ఉంటారు, తెలుగులోనే మాట్లాడొచ్చు అన్నాను. కేబుల్ ఒక కొస వాడి చేతికిచ్చి చుట్టమన్నాను. ఇద్దరం చుట్టుకుంటూ వచ్చాం. మధ్యలో అడిగాను, ‘కదా’ లేకుండా.

వాడేం చెప్పాడో ఇక్కడ రాయను. వాళ్ళ నాన్నగారికి ఇద్దరం కలిసే ఫోన్ చేశాం. ఆయన వచ్చేదాకా మెట్ల మీద కూర్చున్నాం.

ఇంటికొచ్చి కార్డు మార్చాను. 5 సెకన్లు కాస్తా 10 అయింది. అంకెల కింద ఇంకో లైను: ‘రాత్రయినా, పగలైనా. తెలుగులో.’ నిడివి: 13 నిమిషాల 15 సెకన్లు.